తుమ్మకుండా గంటసేపు

ముక్కు దురద పెట్టడం లేదు, పెట్టడం లేదు, అసలు దాని సంగతే తలుచుకోకూడదు, తలుచుకుంటేనే అది నిద్ర లేస్తుంది, అందుకని గోడ గడియారం చూద్దాం, పదకొండు దాటి నాలుగు నిమిషాలు, అంటే ఇంకా యాభై ఆరు నిమిషాలు నేను ఇలా రెండు చేతులూ ఛాతీ ముందు పట్టుకుని, తల నుంచి పాదాల దాకా తెల్ల దుస్తుల్లో, కళ్లకు అద్దాలు, ముక్కుకూ మూతికీ మాస్కు, చేతులకు రెండు జతల గ్లవ్స్‌తో ఈ ఫిల్లింగ్ రూమ్‌లో నిలబడాలి. మాట్లాడకూడదు. గబగబా నడవకూడదు. ముఖం ముట్టుకోకూడదు. తుమ్ము వస్తే చెయ్యెత్తి, మెల్లగా తలుపు దాకా నడిచి బయటికి పోవాలి, పోతే ఇక అంతే. ఇంజెక్షన్ మందు గాజు సీసాల్లోకి దిగే గది ఇది, ఇక్కడ మనిషి ఊపిరి మీద కూడా అనుమానమే. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు ఇస్తారు. రెండు నేను తుమ్మి పోగొట్టుకున్నాను, మొదటిది తొమ్మిదో నిమిషంలో, రెండోది లోపలి తలుపు దాటకముందే. ఇది మూడోది, ఆఖరుది. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద ప్యాకింగ్ హాల్లో అట్టపెట్టెలు మడతపెడుతున్న ఈ సుకుమారి గంటసేపు నిలబడితే ఫిల్లింగ్ రూమ్‌లో పర్మనెంటు ఆపరేటరు, నిలబడలేకపోతే మళ్లీ అట్టపెట్టెలే. పెట్టెల మీద నాకేం కోపం లేదు, వాటి ధూళి మీదే కోపం.

అద్దానికి అవతల హరిచందన కూర్చుని ఉంది, క్రిముల పరీక్షలు చేసే ల్యాబు మేడమ్, నాకన్నా పదేళ్లు చిన్న, నేను ఎటు కదిలినా కాగితం మీద ఏదో రాసుకుంటుంది. నా పక్కన సునంద, ఒడిశా నుంచి వచ్చిన పాత ఆపరేటరు, సీసాల ట్రేలు నీళ్లలో నడిచే మనిషిలా తాపీగా జరుపుతోంది, ఆమెవీ కళ్లు తప్ప ఇంకేమీ కనబడవు, ఆ కళ్లు ఇందాక ఒకసారి నన్ను చూసి నవ్వాయి, నేనూ కళ్లతోనే తిరిగి నవ్వాను, నవ్వొచ్చు, నవ్వకూడదని రూల్లో ఎక్కడా లేదు. పైకప్పంతటి నుంచీ గాలి దిగుతోంది, కడిగి ఆరబెట్టిన గాలి. ఆ హోరులో నాకు నా ఊపిరే వినబడుతోంది, రెండు వైపుల నుంచీ వినబడుతోంది, ఎడమా కుడీ, రెండూ ఒకేసారి, దీన్ని ఎవరికి చెప్పినా నవ్వుతారు గానీ పదిహేనేళ్లు నాకు ఒక్కో ముక్కు రంధ్రం ఒక్కో షిఫ్టులో పనిచేసింది, పొద్దున ఎడమది డ్యూటీ, సాయంత్రం కుడిది, చలికాలంలో రెండూ కూడబలుక్కుని సెలవు పెట్టేవి. అప్పుడు నోరు తెరుచుకుని పడుకునేదాన్ని, లేచేసరికి నాలుక ఎండుమిరపకాయ. కళ్ల కిందా నుదుటి మీదా బండరాయి పెట్టినంత బరువు, వంగితే ఆ బరువు ముందుకు దొర్లేది, పై పళ్లు సలిపేవి, పన్ను పీకించుకుందామని పటాన్‌చెరు దాకా పోయి వచ్చాను కూడా, పళ్ల డాక్టరు మంచివాడు, నీ పన్ను నిక్షేపంగా ఉందమ్మా, ముక్కు చూపించుకో అన్నాడు, నేను చూపించుకోలేదు. ముక్కును ఎవరైనా చూపించుకుంటారా అనుకున్నాను.

అసలు మాది తుమ్ముల వంశం. మా నాన్న సుందర్‌రాజు పంతులు జిన్నారం బడిలో లెక్కలు చెప్పేవాడు, నశ్యం డబ్బీ లేనిదే ఎక్కం మొదలయ్యేది కాదు, చిటికెడు నశ్యం ఎక్కించి, కళ్లు మూసుకుని, పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే పెద్ద తుమ్ము తుమ్మి, "తలకాయ సాఫ్ అయింది, ఇగ చెప్పుండ్రి" అనేవాడు. తుమ్మితే తల శుభ్రమవుతుందని ఆయన నమ్మకం. నాకు వారసత్వంగా ఆస్తి రాలేదు, ఆ నమ్మకం వచ్చింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థనకు తల వంచమనేవారు, సరిగ్గా అప్పుడే మొదలయ్యేది నాది, ఒకటి, రెండు, మూడు, ఆయన ఓపికగా ఆగి, నాది పూర్తయ్యాక ఆమెన్ అనేవారు. మా జెన్నిఫర్ అప్పుడు మూడో తరగతి, నా పక్కన కూర్చోనని వాళ్ల నాన్న పక్కకు పోయి కూర్చునేది. పిల్లకు సిగ్గేసింది, ఏం చేస్తుంది పాపం, నాకే సిగ్గేసేది.

పదకొండు పదిహేడు. సునంద ట్రే మార్చింది. మెడ వెనకాల చెమట ఒక్క చుక్క జారుతోంది, జారనీ, అది ముక్కు కాదు. ప్యాకింగ్ హాల్లో మేం పద్నాలుగు మంది ఆడవాళ్లం, మా అందరికీ ఒక తెలివి ఉండేది, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది, మేం రోజుకు వేల గోలీల పట్టీలు పెట్టెల్లో పెడతాం కదా, వాటితో పాటు మందు వివరాలు అచ్చేసిన మడత చీటీ కూడా మేమే పెడతాం కదా, అందుకని మాకు మందుల గురించి తెలియనిది లేదు. ఒకామె ముక్కు చీదితే చాలు, మిగతా పదమూడు మందీ డాక్టర్లే. మనం ప్యాక్ చేసేదే, మంచి జబర్దస్త్ మందు, రెండు పూటలు వేసుకో, తగ్గితే ఆపెయ్. కాజీపల్లి సందులో మెడికల్ షాపువాడు కూడా మమ్మల్ని చూసి ఏమీ అడగకుండా ఇచ్చేవాడు, అడిగితే మేమే వాడికి పాఠం చెప్పేవాళ్లం. నేను ఆరేళ్లు అలా మింగాను, ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్, రెండు రోజులు, మూడు రోజులు, పెద్ద డాక్టరులాగా. దానికి తోడు ముక్కులో వేసుకునే చుక్కల మందు, వేసిన గంటకు స్వర్గం, తర్వాత ముందుకన్నా గట్టి దిబ్బడ, మళ్లీ చుక్కలు, చివరికి సంచిలో సెల్‌ఫోను మరిచిపోయినా ఆ సీసా మరిచిపోయేదాన్ని కాదు. మా ఆయన రాబిన్, పటేల్‌గూడ వైపు పెద్ద ఫ్యాక్టరీలో వెల్డరు, మాట తక్కువ మనిషి, ఒకరోజు ఆ సీసా పైకెత్తి వెలుగులో చూసి, "ఏమే, నెలకు ఎన్ని తాగుతున్నవ్?" అన్నాడు. తాగడమట! నాకు ఒళ్లు మండింది, సీసా లాక్కుని సంచిలో వేసుకున్నాను.

నన్ను ఒడ్డున పడేసింది డాక్టరు కాదు, చదువు కాదు, మా ఇల్లుగలామె నర్సింహమ్మ. నిజానికి ఆమె ప్రయాణాలు. మేం ఉండేది ఆమె ఇంట్లోనే ఒక పక్క వాటాలో, మధ్యలో ఒక్కటే గోడ, ఆ గోడకు పైన జానెడు సందు. ఆమె పొద్దున్నే కూరగాయల గంప ఎత్తుకుని పొలం నుంచి వచ్చిన సరుకుతో సంతకు బయల్దేరుతుంది, నేను సరిగ్గా అప్పుడే దుప్పటి దులిపి తుమ్ముతాను. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినబడితే ఆమె గడప దాటదు, గంప దించి, కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు లేవాలి, రెండు తుమ్ములైతే ఫరవాలేదు, పోవచ్చు. ఒకటైతే చెడ్డది, జంటైతే మంచిది, నాలుగైనా మంచిదే, ఆరైనా. నావి ఎప్పుడూ ఏడో తొమ్మిదో. ఆమె గడప దగ్గర గంప నెత్తిన పెట్టుకుని లెక్కబెడుతూ నిలబడేది, తొమ్మిది దగ్గర ఆగిపోతే గోడ సందులోంచి బతిమాలేది, "ఇంకొక్కటి తుమ్మరాదె బిడ్డా, సరిపోతది, నాకు బస్సు పోతది!" నేను ఇటు ఎంత ప్రయత్నించినా రాదు, చీపురుపుల్ల ముక్కులో పెట్టుకుని కూడా చూశాను, ఆమె కోసం, ఒట్టు. ఆమె కొడుకు రాకేష్‌కు పిల్లను చూడ్డానికి పోయే రోజైతే మూడుసార్లు గడప దాటి మూడుసార్లు వెనక్కొచ్చి కూర్చున్నారు ఇంటిల్లిపాదీ, కొత్త చీరల్లో, మంచినీళ్లు తాగి తాగి కడుపులు ఉబ్బి. నేను ఇటు దిండు ముఖానికి అదుముకుని చచ్చిపోతే బాగుండు అనుకున్నాను. ఆ సాయంత్రం ఆమె మా తలుపు కొట్టింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందనుకున్నాను. "పిల్ల కుదిరింది," అంది ముందు. తర్వాత నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది బిడ్డా గీ ముక్కు? నువ్వు బాగైతెనే నేను బయటికి పోతా. రేపు ఇద్దరం సంగారెడ్డి దవాఖానకు పోతున్నం, లీవు పెట్టు," అంది. నేను ఏడ్చేశాను. నా ముక్కు గురించి నాకంటే ముందు దిగులు పడ్డ మనిషి ఆమె ఒక్కతే.

మరుసటి రోజు కూడా నేను తుమ్మాను, ఎనిమిది, సరి సంఖ్య, ఆమె ముఖం వెలిగిపోయింది. సంగారెడ్డిలో డాక్టరు లక్ష్మీప్రసన్న గారు నా ముక్కులోకి లైటు వేసి చాలాసేపు చూశారు, ఏమేం మందులు వాడావని అడిగితే నేను గడగడా చెప్పాను, పేర్లూ మోతాదులూ అన్నీ, కొంచెం గర్వంగానే. ఆమె పెన్ను కింద పెట్టేశారు. "ప్యాక్ చేసేటోళ్లకే అన్నీ తెలిస్తే ఇగ మేమెందుకమ్మా? మామూలు జలుబుకు గీ గోలీలు పనిచెయ్యవు, అది వారం పదిరోజులల్ల దానంతటదే పోతది. పోకుండ ముదిరితే, జ్వరమొస్తే, మొఖం నొప్పి పెరిగితే అప్పుడు రా, అవసరమైతే నేనే రాస్త. నువ్వు సొంతంగ మింగితే రేపు నిజంగ కావలసిననాడు అది నీకు పనిచెయ్యకుంటైతది." సైనస్ అంటే జబ్బు పేరనుకున్నాను నేను, కాదట, ముఖం ఎముకల్లో ఉండే ఖాళీ గదులట, నుదుట్లో, బుగ్గల్లో, కళ్ల మధ్య, అందరికీ ఉంటాయట, పాస్టరుగారికీ, రాబిన్‌కూ, నర్సింహమ్మకూ. ఆ గదుల గుమ్మాలు చిన్నవి, ధూళి నాకు సరిపడక లోపల వాచి అవి మూసుకుపోతున్నాయి, మూసుకుంటే లోపలిది బయటికి రాక కుళ్లుతుంది. గుమ్మం తెరిచి ఉంచుకో, గది దాని పని అది చేసుకుంటది, అన్నారు. చుక్కల మందు మాన్పించారు, రోజూ కొట్టుకునే వేరే స్ప్రే రాశారు, దాన్ని మధ్య గోడ మీదికి కాకుండా బయటి వైపుకు తిప్పి కొట్టాలని నా చెయ్యి పట్టుకుని చూపించారు. పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోమన్నారు. పక్కన కూర్చున్న నర్సింహమ్మ అన్నీ నోట్లో నోట్లో వల్లె వేసుకుంది, ఆమెకు చదువు రాదు, ఒక్క మాట మరిచిపోలేదు.

పదకొండు ముప్పై ఒకటి. సగం దాటింది! నడుము నొప్పి, నొప్పికి ఇక్కడ అభ్యంతరం లేదు. మొదటిసారి కడిగిన పొద్దు తలుచుకుంటే, అబ్బ, సింకు మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోరు తెరిచి నోటితో ఊపిరి తీస్తూ, పై రంధ్రంలోకి సీసా పిండితే కింది రంధ్రంలోంచి ధార కట్టి రావాలి, నేను మధ్యలో ఊపిరి ముక్కుతో తీశాను, గొంతులోకి, చెవుల్లోకి, ఎక్కడెక్కడికో పోయింది, దగ్గు, కేకలు, రాబిన్ పరుగెత్తుకొచ్చి వీపు మీద గుద్దాడు, జెన్నిఫర్ "మమ్మీ మునిగిపోయింది" అని నర్సింహమ్మను పిలుచుకొచ్చింది. ఆమె వచ్చి నన్ను చూడలేదు, బిందె చూసింది. నేను బోరు నీళ్లు వాడుతున్నాను, గిన్నెకు తెల్లపొర కట్టే నీళ్లు, తాగడానికి క్యాన్ కొనుక్కుంటాం, ముక్కుకే కదా అని ఇవి. "తాగనీకి పనికిరాని నీళ్లు ముక్కుల పోసుకుంటవా? అకల్ ఉన్నదా? డాక్టరమ్మ ఏం చెప్పింది, మంచినీళ్లు మసలవెట్టి చల్లారవెట్టి అని చెప్పలె?" ఆ రోజు నుంచి ఆమె పొయ్యి మీద పొద్దున్నే నా గిన్నె, క్యాన్ నీళ్లు తెర్లేదాకా కాచి, మూత పెట్టి, గోరువెచ్చగా అయ్యాక గోడ మీది నుంచి అందిస్తుంది, కొలిచిన ఉప్పు, చిటికెడు తినే సోడా నేను కలుపుకుంటాను. సాయంత్రం సీసా కడిగి బోర్లించానా లేదా అని కూడా చూస్తుంది. మూడో రోజుకు ధార అటు నుంచి ఇటు చక్కగా వచ్చింది, మేం నలుగురం చప్పట్లు కొట్టుకున్నాం, ముక్కు కడుక్కున్నందుకు ఇంత పండుగ ఎక్కడైనా ఉంటుందా!

తర్వాత చిన్న చిన్నవి, ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. రాబిన్ దోమల కాయిల్ తీసేసి కిటికీకి జాలీ కొట్టాడు, నర్సింహమ్మ తన అగరొత్తులు గోడకు ఆ చివరకు మార్చుకుంది, దేవుడు అక్కడి నుంచి కూడా చూస్తడులే అంది, దిండు గలీబులు వారం వారం వేడినీళ్లలో తడుస్తున్నాయి, దుప్పటి నేను దులపను, బండి మీద లారీల వెనక పోయేటప్పుడు మాస్కు. చీదేటప్పుడు ఒక్కో వైపే, మెల్లగా. మధ్యలో ఒక జలుబు వచ్చింది కూడా, ప్యాకింగ్ హాలు డాక్టర్లు పదమూడు మందీ గోలీల పేర్లు చెప్పారు, నేను వేసుకోలేదు, వేడి వేడి చారు తాగాను, కడుక్కున్నాను, అది వచ్చిన దారినే పోయింది. ఇక ఒక పొద్దు, దేవుడా, పొద్దున్నే లేచి వెనక తలుపు తీస్తే, నేను నిలబడిపోయాను, మోరీ కంపు! మా ఇంటి వెనక మురుగునీళ్లు పారే మోరీ, ఏళ్ల తరబడి అందరూ ముక్కు మూసుకుంటుంటే నాకు తెలియనే తెలియని కంపు, రాబిన్‌ను లేపి, "కంపొస్తుంది! మోరీ కంపొస్తుంది!" అని గంతులేశాను, ఆయన నిద్రకళ్లతో "ఎప్పుడూ వస్తదే" అన్నాడు. నాకు రాదుగా! ఆ తర్వాత వరసగా వచ్చాయి, నర్సింహమ్మ పొయ్యి మీద జొన్నరొట్టె, రాబిన్ చొక్కాకు అంటిన ఇనుము వాసన, జెన్నిఫర్ తల. నా కూతురి తలకు ఒక వాసన ఉందని దానికి పదేళ్లు వచ్చాక తెలిసింది నాకు, ఆ రోజు జడ వెయ్యడానికి అరగంట పట్టింది.

వచ్చింది.

పదకొండు నలభై మూడు, ఎడమ వైపు, లోపల పైన, సన్నటి వేడి, దూదిపోగు కదిలినట్టు, కాదు, కాదు, ఊరికే, గడియారం చూడు, సునంద చేతులు చూడు, లాభం లేదు, పైకి పాకుతోంది, కళ్లలో నీళ్లు, నోరు దానంతటదే తెరుచుకుంటోంది మాస్కు కింద, చిన్నది తుమ్మేస్తే, లోపల్లోపలే తుమ్మేస్తే, హరిచందన తల వంచి రాసుకుంటోంది, ఎవరూ చూడరు, మాస్కు ఉంది, అద్దాలున్నాయి, ఎవరికి తెలుస్తుంది, నాకు తెలుస్తుంది, ఈ సీసా రేపు ఎక్కడో ఒక పిల్ల చేతికి సూదిగా ఎక్కుతుంది, జెన్నిఫర్ అంత పిల్లకు, లేదు, నేను దాచను, రానీ, వస్తే పోతాను, అట్టపెట్టెలే, ఏం పోయింది, నర్సింహమ్మకు ఏం చెప్పాలి, ఆమె ఇవాళ పొద్దున నన్ను సాగనంపడానికి గడప దగ్గర నిలబడి ఊపిరి కూడా తియ్యలేదు, ప్రభువా, చెయ్యి లేస్తోంది, మెల్లగా, రూలు ప్రకారం మెల్లగా, నడుము దాటి, భుజం దాకా, అద్దం అవతల హరిచందన లేచి నిలబడింది, సునంద కళ్లు పెద్దవయ్యాయి, వస్తోంది, వస్తోంది, వ

పోయింది. ఎటు పోయిందో తెలియదు. పైదాకా వచ్చి, లోపల పట్టుకోవడానికి ఏమీ లేక, ఖాళీ ఇంటికి వచ్చిన చుట్టంలా తిరిగి వెళ్లిపోయింది. చెయ్యి భుజం దగ్గర గాలిలో ఉంది. ఊపిరి తీసుకున్నాను, ఎడమ, కుడి, రెండూ తెరిచే ఉన్నాయి, రెండు వైపుల నుంచీ ఆ కడిగిన గాలి లోపలికి పోయింది, నా ముఖంలో ఉన్న ఆ చిన్న గదులన్నిటిలోకీ పోయినట్టే ఉంది. చెయ్యి మెల్లగా దించాను, ఎంత మెల్లగా అంటే దించడానికి నిమిషం పట్టింది. సునంద కళ్లు మూసి తెరిచింది. మాస్కు కింద నేను నవ్వుతున్నాను, బుగ్గలు నొప్పి పుట్టేంత నవ్వుతున్నాను, మిగిలిన పదిహేను నిమిషాలు నేను నిలబడ్డానో తేలానో నాకు తెలియదు.

బయటి గదిలో హరిచందన నా గ్లవ్స్ మీద, ఛాతీ మీద, నుదుటి మీద, క్రిములేమైనా అంటాయేమో చూసే గుండ్రటి ప్లేట్లు ఒత్తి, మూతలు పెట్టి, మాస్కు తియ్యమంది. తీశాను. "చెయ్యెందుకు లేపినవ్ సుకుమారక్కా? నా పానం పోయింది."

"తుమ్మొస్తుందనుకున్న మేడమ్."

"మరి?"

"రాలె."

ఆమె పెద్దగా నవ్వింది. "గంట పాసైనవ్. గీ ప్లేట్లు కొన్ని రోజులు పెట్టి చూస్తం, అవి గూడ మంచిగుంటే పర్మనెంటు ఆర్డరే. ఇంకొక్కటి రాయాలె ఫైల్‌ల," అంటూ కాగితం తిప్పింది. "చివరిసారి జలుబు ఎప్పుడు చేసింది నీకు?"

నేను నోరు తెరిచాను. నా జలుబులన్నీ నాకు నోటికి వచ్చు, పెళ్లినాటిది, జెన్నిఫర్ పుట్టిననాటిది, మొదటిసారి ఈ గదిలో ఓడిననాటిది, తేదీలతో సహా చెప్పగలను. ఆ మధ్య వచ్చినదాని కోసం వెతికాను. క్రిస్మస్‌కా, కాదు, అప్పుడు కేకు వాసనకు పొయ్యి దగ్గరే కూర్చున్నాను. దసరాకా, అప్పుడు జలుబు చేసింది జెన్నిఫర్‌కు. వానల్లోనా, ఎండల్లోనా. ఏ వారం వచ్చింది, ఎన్ని రోజులుంది, ఎప్పుడు పోయింది, ఎంత వెతికినా చేతికి ఏమీ తగలలేదు. హరిచందన పెన్ను పట్టుకుని చూస్తోంది. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోబుద్ధి కాలేదు.

"గుర్తులేదు మేడమ్," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, తల వంచి, ఆ మాటే రాసుకుంది.